ఏడాది జీతం 27,400 పౌండ్లు, మా వారి వీసాకి 29,000 కావాలట. నాన్న నిమ్మతోట అమ్మాల్సిందేనా?

తెనాలి అమ్మాయి:
నమస్కారం అండీ. యూకేలోని లెస్టర్‌లో ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌ని. ఒకే చోట 14 నెలలుగా చేస్తున్నాను, ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఉంది. పెళ్లయి ఏడు నెలలు, మా వారు తెనాలిలోనే ఉన్నారు. స్పౌజ్ వీసాకి నా జీతం 1,600 తక్కువ పడుతోందని ఫోన్‌లో నాన్నతో అన్నాను. మర్నాడే బ్రోకర్ని పిలిచి అర ఎకరం నిమ్మతోటకి బేరం పెట్టేశారు. పోయిన శనివారం బయానా తీసుకోబోతే అమ్మ ఆపింది. బడికి వెళ్లేముందు ఆ చెట్ల పాదులకి నీళ్లు పెట్టింది నేనే. నాన్నేమో "చెట్లదేముందమ్మా, అల్లుడు నీ దగ్గర ఉండాలి" అంటున్నారు. అసలు ఎంత చూపించాలి? మా వారికి ఇక్కడ ఉద్యోగం ఖాయమైతే ఆ జీతం కలుపుతారా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

స్లౌ బాబాయ్:
అమ్మా, ముందు నాన్నగారిని ఆగమను. అబ్బాయి ఇండియా నుంచి అప్లై చేస్తున్నాడు కాబట్టి ఇక్కడ రాబోయే జీతం లెక్కలోకి రాదు. నీకు తక్కువైన 1,600కి రెండున్నర రెట్లు 4,000. దానికి 16,000 కలిపితే 20,000 పౌండ్ల పొదుపు చూపాలి. అప్పు తెచ్చింది పనికిరాదు. నాన్నగారు తిరిగి ఇవ్వక్కర్లేకుండా ఇస్తే చెల్లుతుంది కానీ, అది నీ పేరునో అబ్బాయి పేరునో ఆరు నెలలు ఉండాలి. ఒక్కరోజు కూడా ఆ మొత్తం కంటే తగ్గకూడదు. 2019లో మా ఆవిడ కోసం దాచినప్పుడు నాలుగో నెలలో కారు రిపేరుకని కొంత తీశాను. మళ్లీ మొదటి నుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ నాలుగు నెలలూ ఆమె అక్కడ, నేనిక్కడ.

బర్మింగ్‌హామ్ అక్క:
చెల్లీ, ఓవర్‌టైమ్ సంగతి చెప్పలేదేం? 27,400 నీ కాంట్రాక్ట్ జీతమే కదా. టాక్స్ కట్ కాకముందు మొత్తమే చూస్తారు. ఆరు నెలల పేస్లిప్పుల్లో ఓవర్‌టైమ్ వేరే వరుసలో ఉంటుంది. ఆ సగటుని ఏడాదికి లెక్కగట్టి జీతానికి కలుపుతారు. నెలకి సగటున 134 పౌండ్లు పడితే పొదుపు చూపించే పనే లేదు. కాకపోతే పేస్లిప్పులో ఉన్న ప్రతి జీతమూ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడాలి. ఆఫీసు నుంచి లెటర్ కూడా తీసుకో.

తెనాలి అమ్మాయి:
అక్కా, ఇప్పుడే ఆరు స్లిప్పులూ వంటగది బల్ల మీద పరిచాను. పాతదాని నుంచి వరసగా 96, 180, 150, 144, 120, 180. మొత్తం 870. అంటే ఏడాదికి 1,740. జీతంతో కలిపితే 29,140! మూడుసార్లు కూడి చూశాను.

బర్మింగ్‌హామ్ అక్క:
సరిగ్గానే ఉంది. కానీ 140 మిగులుతో వెళ్లకు తల్లీ. వచ్చే నెల జీతం పడితే ఆ 96 నెల లెక్కలోంచి పోతుంది. ఈ నెల ఇంకో రెండు షిఫ్టులు చేసి, కొత్త స్లిప్పు వచ్చాక 28 రోజుల్లోపు అప్లై చేయండి. ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జే 3,105 పౌండ్లు, అప్లై చేసేటప్పుడే కట్టాలి. నీ పొదుపు దానికి ఉంచుకో.

తెనాలి అమ్మాయి:
నాన్నకి చెప్పాను. బ్రోకర్ని ఇక రావద్దన్నారు. ఈ నెల రెండు శనివారాలు నైట్ అడిగితే మా మేనేజర్ ఇచ్చారు. అక్కా, బాబాయ్ గారూ, ఈ రాత్రికి నిద్రపోతాను.