ముట్లుడిగాక రక్తస్రావం: స్కాన్‌లో లోపొర పలుచగా ఉంటే బయాప్సీ మానవచ్చా?

వెన్నెలదారి

ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటిన స్త్రీకి ఒక్క చుక్క రక్తం కనిపించినా ఉపేక్షించకూడదన్నది అందరూ ఒప్పుకునే మాటే. ఏ పరీక్షతో మొదలుపెట్టాలన్న దగ్గరే తేడా వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల ముందుగా యోని ద్వారా అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తున్నారు. గర్భాశయ లోపొర, అంటే ఎండోమెట్రియం, మందం 4 మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే బయాప్సీ అక్కర్లేదని ఇంటికి పంపుతున్నారు. ఇది సరికాదని, మొదటి రక్తస్రావానికే లోపొర ముక్క తీసి పరీక్షించాలని నా వాదన.

మా పెద్దమ్మకు 67వ ఏట లోదుస్తుల మీద గోధుమరంగు మరక కనిపించింది. స్కాన్‌లో మందం 3 మిల్లీమీటర్లని వచ్చింది. వయసు వల్ల పొర ఎండిపోయిందని చెప్పి క్రీము రాసిచ్చారు. చేతిలోని కాగితం మీద ‘సాధారణం’ అన్న మాట ఉంది కాబట్టి, మూడు నెలల తర్వాత మళ్లీ మరక కనిపించినా ఆమె ఎవరికీ చెప్పలేదు. క్రీము అయిపోవడం వల్లే అలా అయిందనుకుని ఇంకో ట్యూబు తెప్పించుకుంది. ఐదో నెలలో తీసిన బయాప్సీలో సీరస్ రకం క్యాన్సర్ అని తేలింది.

1983లో యాన్ బోఖ్‌మాన్ అనే వైద్యుడు గర్భాశయ లోపొర క్యాన్సర్‌ను రెండు రకాలుగా విడదీశాడు. మొదటిది ప్రొజెస్టరాన్ అదుపు లేని ఈస్ట్రోజెన్ ప్రభావంతో పొర దట్టమై, ఆ దట్టమైన పొరలోంచి నెమ్మదిగా పుట్టుకొచ్చేది. స్థూలకాయం, మధుమేహం, అండాశయాలలో నీటిబుడగల సమస్య, ముట్లు ఆలస్యంగా ఆగడం వంటివి దానికి దోహదం చేస్తాయి. రెండోదానికి ఈస్ట్రోజెన్‌తో అంత పని లేదు, ఎండిన పలుచని పొరలో కూడా అది పుట్టగలదు. సీరస్ రకం ఆ కోవలోదే. మందాన్ని కొలిచే పరీక్ష మొదటి రకాన్ని బాగా పట్టుకుంటుంది, ఎక్కువ ప్రాణాంతకమైన రెండో రకం దగ్గర తడబడుతుంది. అలాంటి పరీక్షను వడపోతగా ఎలా వాడతారు?

స్కాన్‌గది

వెన్నెలదారి గారూ, మీ పెద్దమ్మగారి సంగతి చదివి బాధ కలిగింది. ఈ కొలత రోజూ తీసేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి స్కాన్ పక్షాన మాట్లాడవలసి వస్తోంది.

ఈ క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో ముట్లుడిగిన వారిని తీసుకుంటే, దాదాపు 90 శాతం మందికి ముందుగా రక్తస్రావం కనిపించి ఉంటుంది. అదే తిరగవేసి చూస్తే, రక్తస్రావంతో వచ్చినవారిలో క్యాన్సర్ తేలేది సుమారు 9 శాతం మందికేనని 2018లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష చెప్పింది. మిగిలినవారికి పొర ఎండిపోవడమో, పాలిప్‌లు అనే చిన్న కండ పెరుగుదలలో, మరో కారణమో ఉంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ అదే ఏడాది ఇచ్చిన అభిప్రాయ పత్రం ప్రకారం, మందం 4 మిల్లీమీటర్లు దాటనప్పుడు క్యాన్సర్ లేదని చెప్పడం 99 శాతానికి పైగా నిజమవుతుంది. ఆ పత్రంలోనే, రక్తస్రావం ఆగకపోయినా తిరగబెట్టినా మందం ఎంత ఉన్నా సరే కణజాలాన్ని పరీక్షించి తీరాలని కూడా ఉంది. మీ పెద్దమ్మగారి విషయంలో మొదటి స్కాన్‌ను నేను తప్పుపట్టను, రెండో మరకకు ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

కొలత ఎలా తీస్తామో కూడా చెబుతాను, ఎందుకంటే దాని బలహీనత అక్కడే ఉంది. గర్భాశయాన్ని నిలువుగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే చిత్రంలోకి తెచ్చుకుని, పొర అన్నిటికంటే దట్టంగా ఉన్నచోట ఈ అంచున ఒక గుర్తు, ఆ అంచున ఒక గుర్తు పెడతాం. మధ్యలో ద్రవం ఉంటే దాన్ని వదిలి రెండు వైపుల పొరలనూ విడిగా కొలిచి కలుపుతాం. గుర్తు వెంట్రుకవాసి జరిగితే 3.8 కాస్తా 4.2 అవుతుంది. గర్భాశయ కండరంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డల నీడ పడినా, గర్భాశయం పక్కకు తిరిగి ఉన్నా కొన్నిసార్లు పొర గీత మొత్తం కనిపించదు. అప్పుడు పొర సరిగా కనిపించలేదని రాయాలే గాని అంకె వేయకూడదు. పొర కనిపించకపోతే దాన్ని పలుచని పొరల లెక్కలో వేయడానికి వీల్లేదు, నేరుగా తర్వాతి పరీక్షకు పంపాలి. ఈ నియమాన్ని అందరూ పాటిస్తారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

అంకెలరాయుడు

99 శాతం అన్న మాట విని స్థిమితపడేముందు ఒక చిన్న లెక్క వేయండి. రక్తస్రావంతో వెయ్యిమంది వచ్చారనుకుందాం. అందులో 90 మందికి క్యాన్సర్ ఉంది, 910 మందికి లేదు. క్యాన్సర్ లేనివారిలో సగం మందికి, అంటే 455 మందికి, పొర పలుచగా ఉందనుకుందాం. స్కాన్ తొమ్మిది క్యాన్సర్లలో ఒకటి వదిలేస్తుందనుకుంటే, వదిలేసినవి పది. ఇంటికి పంపినవారు 465 మంది, వారిలో పదిమందికి క్యాన్సర్ ఉంది. ‘క్యాన్సర్ లేదు’ అన్న మాట అప్పుడు కూడా దాదాపు 98 శాతం నిజమే. ఆ 98 శాతం విన్నవారెవరూ తొమ్మిదిమంది క్యాన్సర్ రోగులలో ఒకరిని ఇంటికి పంపేశామని ఊహించరు. రెండు వాక్యాలూ ఒకే పరీక్ష గురించినవే.

తొమ్మిదింట ఒకటి అన్నది నేను గాలిలోంచి తీసుకున్నది కాదు. 2024లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ క్యాన్సర్ నిర్ధారణ అయిన 210 మంది నల్లజాతి స్త్రీల పాత స్కాన్‌లను పరిశీలిస్తే 24 మందికి పొర 5 మిల్లీమీటర్లకు తక్కువగా ఉంది. ఆ స్త్రీలలో ఫైబ్రాయిడ్లూ, రెండో రకం క్యాన్సర్లూ ఎక్కువ కాబట్టి ఈ అంకెను అందరికీ అంటగట్టకూడదు. అయినా ఒక సమూహంలో బాగా పనిచేసిన హద్దు ఇంకొక సమూహంలో అలాగే పనిచేస్తుందన్న నమ్మకానికి దానితో గండి పడింది.

రాత్రిడ్యూటీ

ఇక్కడ అందరూ బయాప్సీని తప్పులేని పరీక్షగా మాట్లాడుతున్నారు. పద్దెనిమిదేళ్లు స్త్రీల వార్డులో పనిచేసిన నాకు అలా అనిపించదు.

బాల్‌పెన్ను రీఫిల్‌కన్నా కాస్త లావైన మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భాశయ ముఖద్వారం గుండా లోపలికి పంపి, లోపలి సన్నని కడ్డీని వెనక్కి లాగితే పీల్పు పుడుతుంది. గొట్టాన్ని తిప్పుతూ ముందుకూ వెనక్కూ జరిపితే పొర తునకలు అందులోకి వస్తాయి. ఫార్మలిన్ సీసాలోకి వదిలినప్పుడు అవి నానిన దారప్పోగుల్లా కనిపిస్తాయి. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు కూడా పట్టదు. కానీ ఆ కొద్దిసేపూ కొందరికి ముట్టునొప్పి లాగా, మరికొందరికి పురిటినొప్పి లాగా ఉంటుంది. వయసు మీద పడి ముఖద్వారం మూసుకుపోయినట్లయిన వారికి గొట్టం వెళ్లనే వెళ్లదు. ముందుగా నొప్పి మాత్ర ఇవ్వడం, అవసరమైతే మత్తు సూది వేయడం, ‘ఆపమంటే ఆపుతాం’ అని చెప్పడం ఖర్చులేని మర్యాదలే అయినా చాలాచోట్ల ఉండవు. ఇక్కడ పురుషులెవరైనా ఉంటే ఆ రెండు నిమిషాలను చిన్నవిగా చూడవద్దని కోరుతున్నాను.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. పొర పలుచగా ఉన్నవారికే గొట్టంలోకి కణజాలం సరిగా రాదు. ‘పరీక్షకు సరిపడా కణజాలం లేదు’ అన్న నివేదిక చాలావరకు వారిదే. కణితి పొరలో కొద్ది భాగంలోనే ఉన్నా, పాలిప్‌లో దాగి ఉన్నా గొట్టం పక్కనుంచి వెళ్లిపోవచ్చు, ఎందుకంటే అది గుడ్డిగా తీసే ముక్క. బయాప్సీలో క్యాన్సర్ ఉందంటే నమ్మవచ్చు. లేదన్నప్పుడు, ముఖ్యంగా రక్తం ఆగనప్పుడు, హిస్టెరోస్కోపీతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో, లోపలికి చూసి ముక్క తీయాలి. కాబట్టి వెన్నెలదారి గారు కోరినట్టు మొదటిరోజే బయాప్సీ చేసినా, పెద్దమ్మగారికి ‘సరిపడా లేదు’ అన్న ఇంకో కాగితం వచ్చి ఉండే అవకాశం లేకపోలేదు.

చదువరి

స్కాన్ ముందా బయాప్సీ ముందా అని ఒకే నియమం వెతకడమే పొరపాటేమో. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్న స్త్రీకి ఆ మందు వల్లనే పొర స్కాన్‌లో దట్టంగా, బుడగలుబుడగలుగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ మందం కొలిచి లాభం లేదు. రక్తం కనిపిస్తే ముక్క తీయవలసిందే. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్న కుటుంబాలలో ముట్లు ఆగకముందే ఈ క్యాన్సర్ రావచ్చు, వారికి 30–35 ఏళ్ల నుంచే బయాప్సీతో గమనించే పద్ధతి ఉంది. ఇంకా ముట్లు వస్తున్నవారిలో పొర నెలనెలా పెరిగి తరుగుతుంది కాబట్టి 4 మిల్లీమీటర్ల హద్దు వారికి వర్తించదు. పాప్ స్మియర్ బాగుంది కదా అని ధీమాపడేవారు కూడా ఉంటారు. అది ముఖద్వారపు క్యాన్సర్ కోసం చేసే పరీక్ష, దీనికి కాదు.

నిజానికి నాకున్న సందేహం వేరు. నాలుగైదు నెలల ఆలస్యం వల్ల అంత తేడా వస్తుందా?

వెన్నెలదారి

రకాన్ని బట్టి వస్తుంది. గర్భాశయం దాటకముందే పట్టుకుంటే ఐదేళ్ల తర్వాత జీవించి ఉండేవారు దాదాపు 95 శాతం. దూరపు అవయవాలకు పాకాక అది 20 శాతానికి అటూ ఇటూ పడిపోతుంది. మొదటి రకం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి చాలామందికి గర్భాశయాన్ని, గర్భనాళాలను, అండాశయాలను లాపరోస్కోపీతో తీసేసి, సెంటినల్ లింఫ్ గ్రంథులను, అంటే క్యాన్సర్ పాకితే ముందుగా చేరే గ్రంథులను, పరీక్షిస్తే సరిపోతుంది. కొందరికి దానికి తోడు బ్రాకీథెరపీ, అంటే లోపలి నుంచే ఇచ్చే రేడియేషన్, చేరుతుంది. సీరస్ రకం గర్భాశయ కండరంలోకి లోతుగా దిగకుండానే కడుపులోని పొరల మీదికి పాకగలదు. మా పెద్దమ్మకు అదే జరిగింది. శస్త్రచికిత్స తర్వాత కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఆరు విడతలు ఇచ్చారు.

బోఖ్‌మాన్ విభజనతోనే ఆగిపోయానని ఎవరైనా అనేలోపు నేనే చెబుతాను. 2013 నుంచి కణితి జన్యువులను బట్టి నాలుగు తరగతులు చేస్తున్నారు, అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య ఫిగో 2023లో ఇచ్చిన దశల విధానం కూడా ఆ వివరాలను లెక్కలోకి తీసుకుంది. పోల్ అనే జన్యువు మారినవారికి సూక్ష్మదర్శినిలో కణితి భయంకరంగా కనిపించినా ఫలితం చాలా బాగుంటుంది. డీఎన్‌ఏ మరమ్మతు లోపించినవారికి వ్యాధి ముదిరినా, కీమోతో పాటు డోస్టర్లిమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ మందులు బాగా పనిచేస్తున్నాయని 2023లో వచ్చిన మందుల ప్రయోగాలు చూపించాయి. కణితులను అదుపుచేసే పీ53 జన్యువు లోపించిన తరగతి కేసులలో సుమారు 15 శాతమే అయినా మరణాలలో సగానికి పైగా దానివే. సీరస్ కణితులు చాలావరకు అందులోకే వస్తాయి. స్కాన్ జారవిడిచేది ఎక్కువగా ఈ గుంపునే, అందుకే నేను సగటు అంకెలతో తృప్తి పడలేకపోతున్నాను.

అయినా రాత్రిడ్యూటీ గారు చెప్పిన ‘సరిపడా లేదు’ సంగతి నేను ఆలోచించలేదు. అందరికీ మొదటిరోజే బయాప్సీ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఫైబ్రాయిడ్లున్నవారికి, పొర పూర్తిగా కనిపించనివారికి, టామాక్సిఫెన్ వాడేవారికి, వంశంలో లించ్ ఉన్నవారికి మాత్రం పలుచని పొర మాట చెప్పి పంపకూడదన్న పట్టు వదలను.

స్కాన్‌గది

ఆ జాబితాకు నాకు అభ్యంతరం లేదు. 70 దాటినవారినీ చేర్చాలా అన్నది మాత్రం నాకింకా తేలలేదు. వయసుతో పాటు సీరస్ ముప్పు పెరుగుతుంది గాని, ముఖద్వారం బిగిసి బయాప్సీ విఫలమయ్యేది కూడా వారికే.

నా వంతుగా ఒకటి చేయగలను. ‘సాధారణం’ అని రాయడం మానేసి, ‘ఈ రోజు మందం 3 మిల్లీమీటర్లు, మళ్లీ మరక కనిపిస్తే మందంతో నిమిత్తం లేకుండా కణజాల పరీక్ష అవసరం’ అని రాస్తాను.

రాత్రిడ్యూటీ

దాన్ని వైద్యుల భాషలో అడుగున వేయకండి. పైన, పెద్ద అక్షరాలతో వేయండి. ఆ కాగితం చదివేది అరవై దాటినవారు, ఎక్కువసార్లు కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చినవారు.