క్లాసులో క్లిక్కర్లు: మార్కులు ముడిపెట్టాలా, వద్దా?

ఫిజిక్స్ మాస్టారు:
వచ్చే సెమిస్టర్ నుంచి అన్ని క్లాసుల్లో క్లిక్కర్లు తప్పనిసరి చేస్తామంటున్నారు మా కాలేజీలో. తెలియనివాళ్ల కోసం: చిన్న రిమోట్ లాంటిది. తెర మీద ప్రశ్న చూసి ఏ, బీ, సీ, డీలలో ఒకటి నొక్కితే, ఏ జవాబుకు ఎంతమందో గ్రాఫు వస్తుంది. నేను రెండేళ్లుగా వాడుతున్నాను. కావాలనే అంటాను, కానీ హాజరుకూ మార్కులకూ ముడిపెట్టొద్దంటాను.

ఒక రోజు ఇలా అడిగాను: నిట్టనిలువుగా విసిరిన బంతి సరిగ్గా పైకొసలో ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత? అంతకుముందే 'అర్థమైందా' అంటే అందరూ తలలూపారు. నొక్కమంటే సగానికి పైగా సున్నా! జవాబు చెప్పకుండా, పక్కవాళ్లతో వాదించుకోమన్నాను. మూడో వరసలో ఒకమ్మాయి పెన్ను పైకెగరేసి, "అక్కడ వేగమూ లేక, త్వరణమూ లేకపోతే ఇది గాల్లోనే ఉండిపోవాలి కదా, మరెందుకు పడుతోంది?" అంది. మళ్లీ నొక్కిస్తే సున్నా గీత బాగా కుంగిపోయింది. ఆ మాట నేనంత సూటిగా చెప్పలేకపోయేవాణ్ణి.

చివరి బెంచీ:
సర్, మా దగ్గర క్లిక్కర్‌కి పది మార్కులు. అందుకే ఒక్కడే నలుగురి క్లిక్కర్లు జేబులో వేసుకొస్తాడు. కొనుక్కోవాల్సింది మేమే, బ్యాటరీ అయిపోతే ఆ రోజు మార్కులు పోయినట్టే. ప్రశ్న ఎవరు చదువుతారు? బాగా చదివేవాడి వేలు ఎటు పోతోందో చూస్తాం.

ఎకనామిక్స్ మేడం:
నేను వ్యతిరేకం. అడిగి, నొక్కించి, మాట్లాడించి, మళ్లీ నొక్కిస్తే పది నిమిషాలు హరీ. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పైగా నా సబ్జెక్టులో మంచి ప్రశ్నలకు నాలుగు ఆప్షన్లు చాలవు. మాస్టారు చెప్పిన మార్పు కూడా తెలిసినవాడి జవాబును మిగతావాళ్లు అందుకోవడమేమో!

ఫిజిక్స్ మాస్టారు:
ఆ అనుమానం న్యాయమైనదే మేడం. దాన్ని పరీక్షించారు కూడా. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రం క్లాసులో చర్చ అయ్యాక జవాబు చెప్పకుండా, అదే సూత్రం మీద ఇంకో కొత్త ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే నొక్కమన్నారు. దానికీ ఎక్కువమంది సరిగ్గా జవాబిచ్చారు. మొదట గుంపులో ఎవరికీ తెలియని చోట కూడా చర్చ పనిచేసిందని 2009లో 'సైన్స్' పత్రికలో రాశారు. కాపీ అయితే కొత్త ప్రశ్నకు జవాబు ఎక్కడిది? సిలబస్ మాటకొస్తే, నేను గంటకు రెండే ప్రశ్నలు అడుగుతాను, పాఠంలో కొంత ఇంట్లో చదువుకు రమ్మంటాను.

ల్యాబ్ పక్క గది:
మరి పరికరమే ఎందుకు? హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మాజుర్ 1991లో ఈ అడిగి, వాదించుకోమని, మళ్లీ అడిగే పద్ధతి మొదలుపెట్టింది క్లిక్కర్లు లేకుండానే. క్లిక్కర్లు వాడినా అక్షరాల కార్డులు ఎత్తినా నేర్చుకోవడంలో తేడా లేదని 2008లో నథానియెల్ లాస్రీ అనే ఫిజిక్స్ అధ్యాపకుడు తన అధ్యయనంలో చూపించాడు.

ఫిజిక్స్ మాస్టారు:
ఒప్పుకుంటున్నాను, కార్డులైనా చాలు. చేతులెత్తించడం మాత్రం వద్దు, ముందు లేచిన చేతుల్ని చూసి మిగతావి లేస్తాయి. క్లిక్కర్‌లో నాకు నచ్చేది ఒక్కటే: పక్కవాడికి తెలియకుండా తప్పు చెప్పొచ్చు. దానికి మార్కులు పెట్టామా, పిల్లలు తప్పును దాచేస్తారు, నాకు కావలసిందేమో ఆ తప్పే. 2014లో డార్ట్‌మత్ కాలేజీలో, క్లాసుకు రాని వాళ్ల క్లిక్కర్లు వేరేవాళ్లు నొక్కిన వ్యవహారంలో 64 మంది మీద అభియోగాలు వచ్చాయి. అక్కడా క్లిక్కర్‌కి హాజరు ముడిపెట్టారు.

ఎకనామిక్స్ మేడం:
మార్కులు లేకపోతే సగంమంది నొక్కనే నొక్కరు మాస్టారూ.

ఫిజిక్స్ మాస్టారు:
మొదటి వారం అలాగే ఉంటుంది మేడం. గ్రాఫులో తమలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని కనబడ్డాక నొక్కుతారు. నా క్లాసులో అదే జరిగింది.

చివరి బెంచీ:
పేరు పడదంటే నేనూ నొక్కుతాను సర్. ఇంతకీ ఆ బంతికి పైకొసలో త్వరణం 9.8 మీ/సె², కిందివైపుకేగా?

ఫిజిక్స్ మాస్టారు:
అవును బాబూ. వెళ్లేటప్పుడూ, కొసలోనూ, దిగేటప్పుడూ అంతే.