పాత టీవీలో యూట్యూబ్ రావాలంటే ఏది కొనాలి?

మా అమ్మావాళ్ల ఊళ్లో 32 అంగుళాల పాత ఎల్ఈడీ టీవీ ఉంది, స్మార్ట్ కాదు, వెనకాల ఉన్న ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టులోనూ సెట్‌టాప్ బాక్స్ పెట్టేశారు. అమ్మ ఫోన్‌లోనే ప్రవచనాలు చూసి చూసి కళ్లు లాగేస్తున్నాయంటోంది. బడ్జెట్ మూడు వేల లోపే. టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టుకునే ఫైర్ టీవీ స్టిక్ లాంటిది తీసుకోనా, ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ బాక్స్ చాలా? ఆ బాక్సుల్లో కొన్నిటికి లైసెన్స్ లేక నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు కదా, అయినా అమ్మకి అది అక్కర్లేదులెండి. స్టిక్‌ని టీవీ యూఎస్‌బీకే తగిలిస్తే పవర్ చాలక మధ్యలో ఆగిపోతుందా, లేక అడాప్టర్ తప్పనిసరా? రౌటర్ పక్క గదిలో ఉంది, మధ్యలో లావుపాటి గోడ, అంటే గోడ దాటి రావడానికి 5 కంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే నయమేమో. ఉన్న ఒక్క పోర్టుకే సెట్‌టాప్ బాక్స్, స్టిక్ రెండూ తగిలించుకునే హెచ్‌డీఎంఐ స్విచ్ వాడినవాళ్లెవరైనా ఉన్నారా? రిమోట్ మాత్రం అమ్మకి తేలిగ్గా ఉండాలి, తెలుగులో మాట్లాడి వెతకగలిగితే ఇంకా మంచిది.