సమస్య: “పేరు మఱచినంతఁ బ్రేమ నిలిచె”

నిర్వాహకుడు:
రాత్రి మనవరాలు పట్టుబట్టి కూర్చోబెడితే మకోతో షింకాయ్ తీసిన జపాను యానిమేషన్ సినిమా ‘కిమి నో నా వా’ (అంటే ‘నీ పేరు’, 2016) చూశాను. కొండల నడుమ ఊరి పిల్ల మిత్సుహా, టోక్యో కుర్రవాడు తాకి. నిద్రపోతే ఆమె ఒంట్లో అతడు, అతడి ఒంట్లో ఆమె. ఇద్దరి మధ్య మూడేళ్ల కాలం తేడా, పైగా ఊరి మీద పడబోయే తోకచుక్క. మెలకువ వచ్చాక కల కరిగినట్టు ఒకటొకటే కరిగిపోతాయి, చివరికి పేరు కూడా. గ్లాసులో పాలు మీగడ కట్టేసరికి ఈ పాదం తయారైంది. ఇదే చివరి పాదంగా మీ మీ కలం పేర్లతో ఆటవెలది పూరించండి. సినిమా మీదే రాయాలన్న నియమం లేదు.

కొసమెరుపు:
చేతఁ బేరు వ్రాయఁ జేసిన బాసకు
బదులు వలపు మాట వ్రాసె నతఁడు
పరుగులోనఁ బడియుఁ బడఁతి గుప్పిట విప్పె
పేరు మఱచినంతఁ బ్రేమ నిలిచె

సినిమాలో సందెవెలుగు ఆరేలోగా ఒకరి అరచేతిలో ఒకరు పేరు రాసుకోవాలనుకున్నారు. ఆమె ఒక్క గీత గీసిందో లేదో వెలుతురు పోయింది, కలం నేల మీద పడింది. అతడు అంతకు ముందే రాసేశాడు. రాసింది పేరు కాదు, ‘నువ్వంటే ఇష్టం’ అని.

ద్రుతప్రకృతికం:
‘విప్పె’ చివర ద్రుతం (నకారం) ఉంది. ‘విప్పె పేరు’ కుదరదు, ‘విప్పెఁ బేరు’ కావాలి. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదు గనుక మీ మూడో పాదమే మారాలి. ఇక రెండో పాదంలో ‘బ’కు ‘వ్రా’తో యతి (అక్షరమైత్రి) చెల్లుతుంది. ఒప్పుకుంటాను గాని ఇష్టపడను.

కొసమెరుపు:
వాక్యం ‘విప్పె’ దగ్గర ఆగింది. ఆగిన చోట సంధి ఎందుకండీ? అక్కడ చదివేవాడి ఊపిరే ఆగుతుంది.

ద్రుతప్రకృతికం:
ఊపిరి ఆగవచ్చు. ద్రుతం ఆగదు.

లంకపొగాకు:
జపాను దాకా నేను పోలేను. ఊళ్లోనే ఉన్నాను.

కులము గోత్ర మనుచుఁ గూర్చుండి లెక్కించు
పెద్దవారి నడుమఁ బిల్ల నవ్వె
“వలచి వాఁడు నేను వచ్చితి మిదె, యింటి
పేరు మఱచినంతఁ బ్రేమ నిలిచె”

కొసమెరుపు:
మళ్లీ అదే చిట్కా! వెనకటి సమస్యలో మీరు ‘పాల’ ముందు ‘దీ’ తగిలించి ‘దీపాల’ చేసిన పూరణ ఇంకా మరచిపోలేదు. అప్పుడు నిర్వాహకులు పొంగిపోయారు కూడా. ‘ఇంటి’ బాగుంది, కాదనను. కానీ మీ పిల్ల ఇంటిపేరు మరచిపోలేదు, కావాలని వదిలేసింది. పాదం అడిగింది మరుపు.

లంకపొగాకు:
నా దీపాలను ఇన్నాళ్లూ కొండెక్కకుండా కాపాడినందుకు సంతోషం. మరుపే కావాలంటే మన దుష్యంతుడు లేడా? ఉంగరం మీద తన పేరుంది, రోజుకొక అక్షరం లెక్కపెట్టుకో, అవి అయ్యేలోగా నిన్ను తీసుకుపోయేవారు వస్తారు అన్నాడు శకుంతలతో, కాళిదాసు నాటకంలో. ఏమైంది? పేరు చేప కడుపులో భద్రంగా ఉంది, ప్రేమే పోయింది. ఆ సినిమా కుర్రవాడు అరచేతిలో పేరే రాసి ఉంటే అదీ మరో ఉంగరమయ్యేది.

కొసమెరుపు:
ఇంత మంచి ముక్క పద్యంలో పెట్టకుండా వచనంలో పారేశారేమండీ!

కొత్తనీరు:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

ఎఱ్ఱ దార మొక్క టిచ్చె రైలున నామె
విధియొ మనసో ముడిని వేసె నెవరొ
మెట్లు దాటిపోక మెల్లఁగా నడిగిరి
పేరు! మఱచినంతఁ బ్రేమ నిలిచె

రైల్లో మిత్సుహా జడ దారం ఇచ్చే నాటికి తాకికి ఆమె ఎవరో తెలియదు. ఆమె అమ్మమ్మ దారాలు పేనుతూ కాలం కూడా ఇలాగే ముడిపడుతుంది, విడిపోతుంది, మళ్లీ కలుస్తుంది అంటుంది. మరి ముడి వేసింది ఎవరు అన్నది నాకు తేలలేదు.

ద్రుతప్రకృతికం:
‘మనసో’ దగ్గర గణం చెడింది. మొదటి పాదంలో ‘ఎ’కు ‘టి’ యతి ఏమిటి?

నిర్వాహకుడు:
ఒక్కటి + ఇచ్చె. ఇకారం లోపల ఉంది, చూడండి.

ద్రుతప్రకృతికం:
చూశాను.

కొత్తనీరు:
సవరించాను: “విధియొ మనసొ ముడిని వేసె నెవరొ”

లంకపొగాకు:
గణం సంగతి సరే, ‘అడిగిరి పేరు!’ అని పాదాన్ని విరిచింది ఎవరూ చూడరేం? నేను ముందు తోక తగిలించాను, ఈ అమ్మాయి ఏమీ తగిలించకుండానే అర్థం మార్చేసింది.

కొసమెరుపు:
నాకు ‘దాటిపోక’ నచ్చింది. తాకి ఏదో పోగొట్టుకున్నాడు, ఏమిటో తెలియదు. అలాగే చదువు ముగించి ఉద్యోగాల వేటలో పడ్డాడు. మెట్ల మీద ఒకరినొకరు దాటేశారు కూడా. అలాగే పోయినా అడిగేవారు లేరు. దారం లాగి ఉండవచ్చు, కానీ వెనుదిరిగి పిలిచింది మాత్రం అతడే.

ద్రుతప్రకృతికం:
అయితే ‘మెల్లఁగా’ తప్పు. కళ్లనీళ్లతో ఇద్దరూ ఒక్కసారే అడిగారు. ‘మేల్కొని యడిగిరి’ అంటే యతీ నిలుస్తుంది, కథా నిలుస్తుంది.

కొసమెరుపు:
తమరు ఆ సినిమా చూశారా!

ద్రుతప్రకృతికం:
రెండుసార్లు. తప్పులు పట్టడానికి.