పిల్లవాణ్ని కట్టిపడేసిన గేమ్ కంపెనీపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: హన్మకొండ నుంచి ఒక తండ్రి

మా అబ్బాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఉచితమని చెప్పే ఒక షూటింగ్ గేమ్‌లో ఏడాదిన్నరగా కూరుకుపోయాడు. తెల్లవారుజామున 5 గంటలకు లేచేది చదువుకోవడానికి కాదని, ఆ రోజు లాగిన్ బహుమతి పోకూడదనేనని ఈమధ్యే తెలిసింది. రాత్రి కంచం ముందు కూర్చుంటే కలిపిన అన్నం చేతికి అంటుకుని ఎండిపోతుంది గానీ ఎడమచేతిలోని ఫోను కింద పెట్టడు. మధ్యలో వదిలేస్తే ర్యాంకు పడిపోతుందని ఏడుస్తాడు. పోయిన నెల మా అమ్మ బ్యాంకు ఖాతా చూస్తే 79, 159, 799 రూపాయల చొప్పున మొత్తం 23 వేలకు పైగా ఆటలో వాడే డైమండ్లకూ, అదృష్టం ఉంటే బహుమతి తగిలే లక్కీ స్పిన్‌లకూ పోయాయి. కంపెనీకి రాస్తే డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. తప్పులో మా వంతు ఉందని ఒప్పుకుంటాను. అయితే పిల్లవాడు లేవలేనట్టుగా ఆటను తీర్చిదిద్దినవారికి చట్టం ముందు ఏ బాధ్యతా ఉండదా?

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, అనంతపురం

మీ బాధ అర్థమైందండీ. కానీ ఫోను ఇచ్చిందీ, పిన్ తెలిసేలా ఉంచిందీ ఇంట్లోవాళ్లే కదా. న్యాయస్థానం మొదట అడిగేది అదే.

జవాబు: న్యాయవాది, విజయవాడ

అడుగుతుంది, నిజమే, విచారణ అక్కడితో ఆగదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆశ చూపే ఆటలను నిషేధించింది గానీ, డబ్బు తీసుకుని తుపాకీకి రంగులూ పాత్రకు వేషాలూ అమ్మే ఆటలు సాధారణంగా దాని కిందికి రావు. మీకు దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. డిజైన్ లోపం వల్ల గానీ, తగిన హెచ్చరిక లేకపోవడం వల్ల గానీ హాని జరిగితే తయారీదారుదే బాధ్యతని 84వ సెక్షన్ చెబుతోంది. గేమ్ వస్తువు కాదు, సేవ అని అవతలివారు తప్పక వాదిస్తారు కనుక, సేవల గురించి చెప్పే 85వ సెక్షన్‌ను కూడా ఫిర్యాదులో చేర్చండి. లేని తొందరను కల్పించి కొనిపించడం డార్క్ ప్యాటర్న్ (కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ ఎత్తుగడ) అని, అలాంటివి 13 రకాలున్నాయని 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు పేర్కొన్నాయి.

మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని బ్రిటిష్ కాలంలో మనకు అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. ఖాతా మీ అమ్మగారిది కాబట్టి కొన్నది పెద్దవారేనని కంపెనీ అంటుంది; అందుకే ఏ ప్రొఫైల్‌లో, ఏ వేళ కొన్నాడో చూపే వివరాలు భద్రపరచండి. అమెరికాలో ఫోర్ట్‌నైట్ అనే ఆట తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి 2022 డిసెంబరులో అంగీకరించింది. ఆట లోడవుతుండగా ఒక్క బటన్ తగిలినా డబ్బు పోయేలా అమర్చారన్నది ఆ కేసులో ఒక ఆరోపణ.

వ్యసనాన్ని నిరూపించడం ఇంతకన్నా కష్టం. కెనడాలోని క్యుబెక్‌లో ఆ ఫోర్ట్‌నైట్‌పైనే తల్లిదండ్రులు వేసిన సామూహిక దావాను 2022 డిసెంబరులో న్యాయస్థానం విచారణకు అనుమతించింది, అంతేగాని ఆట వ్యసనకరమని తేల్చలేదు. కాబట్టి డబ్బు వాపసును మొదట కోరండి, ఆరోగ్య హానిని ఆ తర్వాత రాయండి. రెండోదానికి వైద్యుడి ధ్రువీకరణ కావాలి. ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్లే.

జవాబు: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని, తెనాలి

ఆ కాగితం కోసమని కాదు గానీ, వైద్యుణ్ని ముందు పిల్లవాడి కోసమే కలవండి. ఆటపై అదుపు తప్పడం, మిగతావన్నీ వెనక్కి పోవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం సాధారణంగా 12 నెలల పాటు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ రుగ్మతగా గుర్తిస్తోంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసమే ప్రత్యేక క్లినిక్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఫోను మాత్రం ఒక్కసారిగా లాక్కోకండి. మా తరగతిలో ఒక అబ్బాయి అలా లాక్కున్నందుకు పది రోజులు తండ్రితో మాట్లాడలేదు. తర్వాత ఆయనే పక్కన కూర్చుని, ఒక్క మ్యాచ్ పూర్తయ్యాక ఇద్దరూ కలిసి ఆపే అలవాటు చేశారు.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వాడి పక్కన కూర్చుని ఆట చూశాను. లక్కీ స్పిన్ పెట్టె మీద ‘ఇంకా 2 గంటలే’ అని గడియారం తిరుగుతోంది. ఈరోజు చూస్తే అదే పెట్టె, మళ్లీ అవే 2 గంటలు. రెండు రోజుల స్క్రీన్‌షాట్లూ దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ఆ రెండింటినీ వాడికి పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. మంగళవారం వైద్యుడి దగ్గరికి తానూ వస్తానన్నాడు.