గుద్దింది వాళ్లు, కారు ఇన్సూరెన్స్ బోనస్ పోయింది నాకు. ఏం చేయాలి?

మూడు నెలల క్రితం ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, వెనక నుంచి డీసీఎం వ్యాన్ వచ్చి నా కారును గుద్దింది. డిక్కీ మూత పడక, ఇంటిదాకా తాడు కట్టుకుని వచ్చాను. డ్రైవర్ బతిమాలాడని కేసు పెట్టలేదు (అదీ నా తెలివి!). నా పాలసీ మీదే క్లెయిమ్ చేశాను.

ఇప్పుడు రెన్యువల్‌కి వెళ్తే, ఇన్నేళ్లుగా కూడిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా! ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే నా కారుకి జరిగే నష్టం కోసం కట్టేది, రెట్టింపు. తప్పెవరిదైనా సరే, క్లెయిమ్ చేస్తే బోనస్ పోతుందట. బోనస్ కాపాడే యాడ్ ఆన్ తీసుకోలేదు.

వ్యాన్ నంబరు, ఫొటోలు ఉన్నాయి. ఎఫ్ఐఆర్ లేకుండా ఆ వ్యాన్ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ల నష్టానికి ఉండేది) నుంచి ఈ నష్టం రాబట్టుకోవచ్చా? ఇలా మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎన్నాళ్లు పట్టిందో, లాయర్ ఖర్చు పోను ఏమైనా మిగిలిందో చెప్పండి ప్లీజ్.