అప్‌డేట్: గురుత్వ శక్తిని ఒక బిందువు దగ్గర లెక్కకట్టగలమా?

విద్యుత్ క్షేత్రానికి ఉన్నట్టు గురుత్వ క్షేత్రానికి ప్రతి బిందువు దగ్గరా శక్తి సాంద్రత ఎందుకు రాయలేమని అడిగాను కదా. స్వేచ్ఛగా కిందపడే ఫ్రేమ్‌లో (కిందపడే వస్తువుతో పాటు కదిలే నిర్దేశాంకాల్లో) లెక్క చేసి చూడమని ఇక్కడ జవాబిచ్చారు. చేశాను. ఆ బిందువు దగ్గర క్రిస్టోఫెల్ గుర్తులన్నీ (గురుత్వ బలం పాత్ర పోషించే రాశులు) సున్నా అయ్యాయి, వాటితో కట్టిన ఐన్‌స్టీన్ సూడోటెన్సర్ (గురుత్వ శక్తి సాంద్రతగా ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన రాశి) కూడా సున్నాయే. వేరే నిర్దేశాంకాల్లో అది సున్నా కాదు. ఎంచుకున్న నిర్దేశాంకాలను బట్టి మారేది ఆ బిందువు దగ్గరి అసలు శక్తి కాలేదు. నా సందేహం అక్కడే తీరింది.

తర్వాత బిందువును వదిలేసి, మూసిన ఉపరితలం లోపలి శక్తిని చూశాను. బ్రౌన్, యార్క్ 1993లో ఇచ్చిన నిర్వచనాన్ని ష్వార్జ్‌షిల్డ్ బ్లాక్‌హోల్‌కు (తిరగని, విద్యుదావేశం లేని బ్లాక్‌హోల్‌కు) వేశాను. అనంత దూరంలో సరిగ్గా దాని ద్రవ్యరాశి వచ్చింది, అంటే ఏడీఎం ద్రవ్యరాశే (చాలా దూరం నుంచి కొలిచే మొత్తం ద్రవ్యరాశి). హొరైజన్ (దాటితే వెనక్కి రాలేని సరిహద్దు) దగ్గర మాత్రం దానికి రెట్టింపు! తప్పు చేశానేమో అని టెన్షన్‌తో మూడుసార్లు చేశాను, అదే జవాబు. బయటి క్షేత్రం శక్తి రుణాత్మకం కాబట్టి, దూరం వెళ్ళేకొద్దీ మొత్తం తగ్గుతుంది. న్యూటన్ సిద్ధాంతంలోని బంధన శక్తే గుర్తొచ్చి చాలా సంతోషమేసింది.

అయితే హాకింగ్ 1968లో ఇచ్చిన నిర్వచనంతో అదే బ్లాక్‌హోల్ చుట్టూ ఏ గోళం తీసుకున్నా ఒకే ద్రవ్యరాశి వస్తోంది. నిర్వచనాలు వేరు కాబట్టి రెండూ సరైన లెక్కలే. ఏడీఎం ద్రవ్యరాశి రుణాత్మకం కాదని స్పైనర్లతో (ఎలక్ట్రాన్ లాంటి కణాలను వర్ణించే గణిత రాశులతో) విటెన్ 1981లో ఇచ్చిన నిరూపణ ఇప్పుడు చదువుతున్నాను. అందులో స్పైనర్లు ఎందుకు అవసరమయ్యాయో ఎవరైనా విడమరిచి చెప్తారా?